పెళ్ళిగౌనులో పిప్పా

చెల్లెళ్ళూ, అక్కయ్యలూ! ఈసారి ముచ్చట కాస్త గుండె దిటవు చేసుకుని వినాలి. అయినా మీతో కాక ఇంకెవరితో చెప్పుకుంటాను?

ఇటలీలోని మిలాన్ నగరం నుంచి ఇద్దరు స్నేహితురాళ్ళు తెల్లటి పెళ్ళిగౌన్లు వేసుకుని జెరూసలేంకి బయల్దేరారు. టికెట్టు కొనలేదు, బండి మాట్లాడుకోలేదు. రోడ్డు పక్కన నిలబడి చెయ్యి చాపడం, ఆగిన బండిలో లిఫ్ట్ అడిగి ఎక్కడం, ఇదీ వాళ్ళ ప్రయాణం. 2008 మార్చి 8న, మహిళా దినోత్సవం రోజున గడప దాటారు. ఒకామె సిల్వియా మోరో, రెండో ఆమె పిప్పా బక్కా. ఇద్దరూ కళాకారిణులే.

పిప్పా జెరూసలేం చేరలేదు. మార్చి 31న టర్కీలో, ఇస్తాంబుల్ దాటాక గెబ్జె అనే ఊరి దగ్గర, లిఫ్ట్ ఇచ్చినవాడే ఆమెను చెరిచి చంపేశాడు. అప్పటికి ఆమెకు 33 ఏళ్ళు.

చెప్పాల్సిన చేదంతా ముందే చెప్పేశాను. ఎందుకంటారా? పిప్పా మాట ఎవరెత్తినా ఆ ఊరి దగ్గరే మొదలుపెడతారు, అక్కడే ముగించేస్తారు. మనం మాత్రం అక్కణ్ణుంచి వెనక్కి నడుద్దాం. ఆమె ఎవరి పిల్ల, ఎలా పెరిగింది, ఏం చెయ్యబోయింది, ఇవన్నీ చెప్పుకుందాం.

అందుకు మనకు సాయంగా ఒక డాక్యుమెంటరీ ఉంది. సిమోనే మనెత్తి అనే ఇటాలియన్ దర్శకుడు 2019లో తీశాడు. 'నేను పిప్పా బక్కా ప్రేమలో పడ్డాను' అని అర్థం వచ్చేలా దానికి ఇటాలియన్‌లో పేరు పెట్టాడు. ఒక హత్య మీద తీసిన సినిమాకి ఇలాంటి పేరా అనుకుంటారేమో. చూస్తే తెలుస్తుంది, అది హత్య మీద తీసింది కానే కాదని. అందులో పిప్పా తల్లి మాట్లాడుతుంది, అక్కచెల్లెళ్ళు మాట్లాడతారు, కూడా వెళ్ళిన సిల్వియా మాట్లాడుతుంది. దారి పొడుగునా ఆ ఇద్దరూ తీసుకున్న వీడియోలు మధ్యమధ్యలో వస్తాయి. చూస్తూ చూస్తూ ఉండగా పిప్పా మనింటి పిల్లే అయిపోతుంది.

ఆమె అసలు పేరు జుసెప్పీనా పస్కువలీనో ది మరినేయో. 1974 డిసెంబర్ 9న పుట్టింది. ఇంటినిండా ఆడపిల్లలే, మొత్తం ఐదుగురు. తల్లి వైపు మేనమామ పియెరో మన్జోనీ. ఇటలీలో 1950లు, 60లలో కళ అంటే ఏమిటన్న ప్రశ్ననే తలకిందులు చేసిన మనిషాయన. పిప్పా పుట్టకముందే, 1963లో, 29 ఏళ్ళకే పోయాడు. ఆ మేనమామను ఆమె కళ్ళారా చూడలేదు కానీ, ఎవరూ తొక్కని దారి తొక్కాలన్న పట్టుదల మాత్రం ఆ ఇంట్లో చిన్నప్పటినుంచీ చూసింది.

లిఫ్ట్ అడిగి ప్రయాణం చెయ్యడం ఆమెకు వయసొచ్చాక పట్టిన సరదా కాదు. ఐదుగురు కూతుళ్ళనూ వెంటేసుకుని తల్లే అలా ఊళ్ళు తిప్పింది. రోడ్డు పక్కన నిలబడితే ఎవరో ఒకరు ఆగుతారు, ఆగినవాళ్ళతో మాట కలపాలి, వాళ్ళిచ్చింది తీసుకోవాలి, మన దగ్గరున్నది ఇవ్వాలి. మనం మన పిల్లలకు దణ్ణం పెట్టడం, వడ్డించడం నేర్పుతాం చూడండి, ఆ తల్లి కొత్త మనుషులను నమ్మడం నేర్పింది. సినిమాలో ఆ తల్లి మాట్లాడుతున్నంతసేపూ ఆవిడ కళ్ళలోకే చూశాను నేను. నేర్పకపోయినా బావుండేదని ఆవిడ ఎక్కడా అనదు. ఆ మాట అననందుకు ఆవిడకు చేతులెత్తి మొక్కాలనిపించింది.

ఇక పిప్పా కళ సంగతి. కత్తెర తీసుకుని చెట్ల ఆకులు కత్తిరించేది. ఒక చెట్టు ఆకును అంచులు తీసి, వంపులు దిద్ది, ఇంకో చెట్టు ఆకులా తయారుచేసేది. ఆ వరసకు 'శస్త్రచికిత్సతో రూపాంతరాలు' అన్న అర్థంలో పేరు పెట్టింది. ఒక జాతి ఆకు ఇంకో జాతి ఆకుగా మారడానికి కత్తెరంత దూరమే ఉంటే, మనిషికీ మనిషికీ మధ్య ఇన్ని సరిహద్దులూ ఇన్ని తుపాకులూ ఎందుకు? ఆ ఆకుల బొమ్మలు చూసినప్పుడు నాకు కలిగిన ప్రశ్న ఇదే. తరవాత చేసిన ప్రయాణం కూడా ఈ ప్రశ్నకు పొడిగింపేననిపిస్తుంది.

ప్రయాణానికి 'స్పోజె ఇన్ వియాజ్జో' అని పేరు పెట్టుకున్నారు, అంటే దారిన పడ్డ పెళ్ళికూతుళ్ళు. పెళ్ళంటే రెండు కుటుంబాలు కలవడం కదా. అలా దేశాలు కలవాలి, నిన్నమొన్నటిదాకా కొట్టుకున్న జాతులు కలవాలి అన్నది వాళ్ళ కోరిక. అందుకే యుద్ధాలు నలిపేసిన నేలల మీదుగానే దారి వేసుకున్నారు. స్లొవేనియా, క్రొయేషియా, బోస్నియా, బల్గేరియా, టర్కీ. ఆ పైన సిరియా, లెబనాన్, జోర్డాన్, చివరికి పాలస్తీనా, ఇజ్రాయెల్. 1992 నుంచి 1995 దాకా బోస్నియాలో ఇరుగుపొరుగువాళ్ళే ఒకరినొకరు చంపుకున్నారు. సరయేవో నగరం దాదాపు నాలుగేళ్ళు ముట్టడిలో ఉండిపోయింది. ఆ యుద్ధం ఆగి అప్పటికి పట్టుమని పదిహేనేళ్ళు కూడా కాలేదు.

బిబ్లోస్ అనే ఫ్యాషన్ సంస్థకు పనిచేసే మనుయెల్ ఫక్కీనీ ఆ గౌన్లు తయారుచేశాడు. దారంతా వాటితోనే ఉండాలి. దుమ్ము పట్టినా, బురద అంటినా, నూనె మరకలు పడ్డా అవే. తిరిగి వచ్చాక ఆ మరకలతోనే వాటిని ప్రదర్శనకు పెట్టాలనుకున్నారు. మాసిపోతుందని తెల్లబట్ట జోలికే వెళ్ళని వాళ్ళం మనం. దారి ఆ బట్టమీద రాసిన రాతంతా నలుగురికీ చూపించాలన్నది వాళ్ళ ఆలోచన. సిల్వియా దారిలో కలిసిన ఆడవాళ్ళ చేత తన గౌను మీద కుట్టుపని చేయించుకునేది. పిప్పా చేసినది మాత్రం వింటే మీకు ఒళ్ళు జలదరిస్తుంది. వెళ్ళిన చోటల్లా మంత్రసానులను వెతికి, వాళ్ళ కాళ్ళు కడిగేది.

మన పెళ్ళిళ్ళలో కాళ్ళు ఎవరు కడుగుతారు, ఎవరివి కడుగుతారు? కన్యాదానం వేళ పిల్ల తల్లిదండ్రులు పెళ్ళికొడుకు కాళ్ళు పళ్ళెంలో పెట్టి కడుగుతారు. పిప్పా పుట్టి పెరిగిన క్రైస్తవంలో ఏసుక్రీస్తు తన శిష్యుల కాళ్ళు కడిగాడని చెప్పుకుంటారు. ఈమె పెళ్ళికూతురి గౌనులో నేలమీద మోకాళ్ళూని, మనుషులను భూమ్మీదికి తెచ్చే చేతులున్న ఆడవాళ్ళ పాదాలు కడిగింది. ఏ పక్షం గెలిచినా, ఏ జెండా ఎగిరినా కాన్పులు ఆగవు. యుద్ధంలో కూడా బిడ్డను ముందు అందుకునేది మంత్రసానే. కడుపులోంచి వచ్చిన బిడ్డది ఏ జాతి, ఏ మతం అని చూడని చేతులవి. శాంతి గురించి పెద్దపెద్దవాళ్ళు చెప్పిన మాటలు చాలా విన్నాం మనం. నాకైతే ఆ నీళ్ళ పళ్ళెం ముందు అవన్నీ చిన్నవిగానే కనిపించాయి.

దారిలో అంతా సాఫీగా సాగిందని చెప్పను. ఇద్దరి స్వభావాలూ వేరు. ఆగిన ఏ బండినీ కాదనకూడదన్నది పిప్పాకు వ్రతంలాంటిది. సిల్వియా ఆచి తూచి అడుగేసే మనిషి. ఇస్తాంబుల్ చేరాక కొన్నాళ్ళు ఎవరి దారిన వాళ్ళు వెళ్ళి, బేరూట్‌లో మళ్ళీ కలుసుకుందామనుకున్నారు. పిప్పా ఒంటరిగా ముందుకు కదిలింది. ఆ తరవాత ఫోను పలకలేదు. ఇంట్లోవాళ్ళు వెతుకులాట మొదలుపెట్టారు. చంపినవాడు ఆమె ఫోనులో తన సిమ్ కార్డు వేసుకోవడంతో పోలీసులకు దొరికిపోయాడు. ఏప్రిల్ 11న ఆమె దేహం దొరికింది. కోర్టు వాడికి శిక్ష వేసింది.

ఇంకొక్క సంగతి చెప్పి ఆ చీకటిలోంచి బయటికి వచ్చేద్దాం. పిప్పా దగ్గర వీడియో కెమెరా ఉండేది. వాడు దాన్ని కూడా తీసుకుపోయాడు. ఆ కెమెరాతోనే తన బంధువులింట్లో జరిగిన పెళ్ళిని వీడియో తీశాడు. జోయెల్ కుర్త్జ్ అనే ఫ్రెంచ్ దర్శకుడు 2012లో 'పెళ్ళికూతురు' అనే పేరుతో తీసిన చిన్న డాక్యుమెంటరీ ఈ సంగతిని మన ముందు పెడుతుంది. ఒకే కెమెరాలో ఇద్దరు పెళ్ళికూతుళ్ళు. ఒకామెను చంపిన చేతులే ఇంకొకామె సంబరాన్ని జాగ్రత్తగా పట్టి దాచాయి. చెల్లెళ్ళూ, దీనిమీద ఎంత ఆలోచించినా నాకు ఒకటే తోస్తోంది. రాక్షసుడు కొమ్ములతో, కోరలతో ఎక్కడో అడవిలో ఉండడు. పెళ్ళికి పిలిస్తే వచ్చి, పదిమందిలో నవ్వుతూ తిరిగేవాడే అవుతాడు. తన ఇంటి ఆడపిల్ల మనిషి, రోడ్డు మీది ఆడపిల్ల వస్తువు అని గీత గీసుకున్న ప్రతివాడిలోనూ ఆ విత్తనం ఉంది.

ఆ రోజుల్లో టర్కీలో జనం ఊరుకోలేదు. సిగ్గుతో తల దించుకుంటున్నామని పత్రికలు రాశాయి. ఇస్తాంబుల్ వీధుల్లో ఆడవాళ్ళు ఊరేగింపు తీశారు. కానీ దానితోపాటే, అక్కడా ఇటలీలోనూ కూడా, మనకు బాగా పరిచయమైన ప్రశ్న ఒకటి లేచింది. ఒంటరి ఆడది, ఆ వేషంలో, ముక్కూమొహం తెలియనివాడి బండి ఎందుకెక్కింది?

ఈ ప్రశ్న దగ్గర కాసేపు ఆగుదాం.

2015 ఫిబ్రవరిలో అదే టర్కీలో ఓజ్గెజాన్ అస్లాన్ అనే విద్యార్థిని ఇంటికి వెళ్ళడానికి మినీబస్సు ఎక్కింది. గౌను లేదు, లిఫ్ట్ లేదు, పరాయి దేశం కాదు. డ్రైవరు చెరచబోతే ఎదిరించింది. చంపేశాడు. ఆ పిల్ల ఎందుకెక్కింది ఆ బస్సు? ఇంటికి వెళ్ళడానికి. 2012 డిసెంబర్ 16 రాత్రి ఢిల్లీ బస్సులో అత్యాచారానికి గురై, ఆ తరవాత చనిపోయిన అమ్మాయి ఆ బస్సెందుకెక్కింది? సినిమా చూసి ఇంటికి వెళ్ళడానికి. 2019 నవంబర్‌లో మన శంషాబాద్ దగ్గర చెరిచి చంపేసిన ఆ డాక్టరమ్మాయి టోల్ ప్లాజా పక్కన ఎందుకు నిలబడిపోయింది? స్కూటర్ టైరులో గాలి పోయి, ఇంటికి వెళ్ళే దారి లేక. భయం వేసి చెల్లెలికి ఫోన్ చేసింది. పోలీసులకు చెయ్యక చెల్లెలికి ఎందుకు చేసిందని అప్పుడు అడిగిన పెద్దలూ ఉన్నారు. ఆపదలో తోబుట్టువు గుర్తుకు రావడం కూడా మన ఆడపిల్లల తప్పే అయింది.

బండి ఏదైనా, మారని ప్రశ్న అదే. పెళ్ళిగౌను వేసుకున్నా, సినిమా చూసి వచ్చినా, ఉద్యోగం చేసుకుని వచ్చినా అదే. అందుకని ఆ ప్రశ్నకు జవాబు చెప్పడానికి మనం కష్టపడనక్కర్లేదు. అడగాల్సిన ప్రశ్నే ఇంకొకటి. వాడెందుకు చేశాడు? వాడికి అంత ధీమా ఎక్కడిది?

ఇక్కడ మీలో కొందరి మనసులో మెదిలే మాట నాకు తెలుసు. "అదంతా నిజమే అక్కా, కానీ కాస్త జాగ్రత్తగా ఉండొచ్చు కదా ఆ పిల్ల" అంటారు. ఉండొచ్చు. ఆగిన ప్రతి బండీ ఎక్కాలన్న నియమం నా కూతురు పెట్టుకుంటానంటే నేనూ ఒప్పుకోను. బతిమాలి, బామాలి, అవసరమైతే పోట్లాడి ఆపుతాను. వెళ్ళకముందు చెప్పే జాగ్రత్త ప్రేమలోంచి వస్తుంది. అయిపోయాక అదే మాట అంటే నింద అవుతుంది, నేరం చేసినవాడి బరువు సగం తీసి చనిపోయిన పిల్ల మీద పెడుతుంది. ఒకే మాట ముందు చెబితే రక్ష, తరవాత చెబితే శిక్ష. ఈ తేడా మన నాలుకకు అలవాటు కావాలి.

మరొకటి కూడా ఆలోచించండి. మిలాన్‌లో మొదలైన ఆ దారిలో ఎంతమంది బండి ఆపారు, ఎంతమంది పక్క సీటులో చోటిచ్చారు! ఎవరో ఒక లారీ డ్రైవరు, ఎవరో ఒక కుటుంబం, భాష రాకపోయినా సైగలతో కబుర్లాడినవాళ్ళు. దేశం తరవాత దేశం వాళ్ళను దాటించింది ఆ మనుషులే. గెబ్జె దగ్గరి ఒక్కడి పేరు పత్రికలకెక్కింది, వీళ్ళలో ఎవరి పేరూ ఎక్కలేదు. మనెత్తి సినిమా చేసిన గొప్ప పని ఇదే. వాళ్ళ దారి వీడియోల్లోని నవ్వులను, ఎండను, దుమ్మును మనకు చూపించి, ఆమె నమ్మకం చాలా దూరం నిలబడిందని గుర్తుచేస్తుంది. ఆమె లెక్క పూర్తిగా తప్పలేదు. ఒక్కచోట ఒక్కడు ఆ నమ్మకానికి ద్రోహం చేశాడు. ద్రోహం చేసినవాడిదే ఆ పాపం, నమ్మినామెది కాదు.

ఇక నాకు అన్నిటికంటే బలాన్నిచ్చిన సంగతి చెబుతాను. బింగోల్ ఎల్మాస్ అనే టర్కీ దర్శకురాలు ఉంది. పిప్పా చావు తన దేశంలో, తన రోడ్డు మీద జరిగిందని ఆమెకు నిద్ర పట్టలేదు కాబోలు. నల్లటి పెళ్ళిగౌను వేసుకుంది. పిప్పా ప్రయాణం ఎక్కడ తెగిపోయిందో అక్కడి నుంచి తాను అందుకుంది. లిఫ్ట్ అడుగుతూ, లారీలూ కార్లూ ఎక్కుతూ సిరియా సరిహద్దు వైపు సాగింది. దారిలో డ్రైవర్లతో, ఊళ్ళలోని ఆడవాళ్ళతో మాట్లాడింది. ఆ ప్రయాణాన్నే 2010లో 'పిప్పాకు నా ఉత్తరం' అనే డాక్యుమెంటరీగా మలిచింది.

ఒక్కసారి ఆలోచించండి. ఇటలీ పిల్ల తెల్లగౌను, టర్కీ పిల్ల నల్లగౌను. ఒకరికొకరు ఎప్పుడూ ఎదురుపడలేదు. ఒకే బడిలో చదవలేదు, ఒకే మతం కాదు, ఒకే భాష కాదు. అయినా ఒకామె పని సగంలో ఆగిపోతే ఇంకొకామె వచ్చి ఆ కొస పట్టుకుంది. దేశాలు కలవాలని పిప్పా బయల్దేరింది కదా. ఆ కలయిక జరిగింది, చూడటానికి ఆమె లేదు, అంతే. ఎల్మాస్ ఆ రోడ్డు మీద నిలబడి తన దేశంలోని మగవాళ్ళతో చెప్పకనే చెప్పింది: ఈ రోడ్డు మాది కూడా, ఒకరిని చంపితే ఖాళీ చేసి పోయేవాళ్ళం కాము. అలాగని ఆమె తెగింపును మన పిల్లలు కూడా చూపించాలని నేను అనడం లేదు. తోడబుట్టినతనం రక్తంతోనే రాదని, ఒకరి పనిని ఇంకొకరు ముందుకు తీసుకువెళ్ళడంతో కూడా వస్తుందని మాత్రం అంటున్నాను.

చనిపోయినవాళ్ళ గురించి మనం మాట్లాడుకునే తీరును కూడా ఈ సినిమాలు చూశాక తరచి చూసుకోవాలనిపించింది. మన టీవీల్లో ఒక అమ్మాయికి ఘోరం జరిగితే ఏం చూపిస్తారు? ఆ చోటు, ఆ చెప్పు, ఆ చున్నీ, ఎర్ర గీతలతో ఆ దారి పటం. రోజంతా అదే తిప్పితిప్పి వేస్తారు. ఆ పిల్లకు ఏ కూర ఇష్టమో, ఏ పాట కూనిరాగం తీసేదో, ఏ కల కనేదో చెప్పేవాళ్ళే ఉండరు. చంపినవాడు ఆమె బతుకులో చివరి గంటను లాక్కున్నాడు. మనం ఆ గంట గురించే మాట్లాడుతూ పోతే మిగిలిన ఏళ్ళన్నీ కూడా వాడికే ధారపోసినట్టు అవుతుంది. పిప్పా తల్లీ, అక్కచెల్లెళ్ళూ కెమెరా ముందు కూర్చుని ఆ ఏళ్ళను తిరిగి తెచ్చుకున్నారు. ఐదుగురు ఆడపిల్లల ఇంటిలోని అల్లరి, ఆకులు కత్తిరించే కత్తెర, రోడ్డు పక్కన చాపిన చెయ్యి, మంత్రసాని పాదాల మీద పోసిన నీళ్ళు, ఇవన్నీ పిప్పావి. వీటిలో ఏ ఒక్కటీ వాడి చేతికి చిక్కలేదు.

మీ ఇంట్లోనో, వీధిలోనో, చుట్టాల్లోనో అర్ధాంతరంగా వెళ్ళిపోయిన ఆడపిల్ల ఎవరైనా ఉంటే, ఆ తల్లి దగ్గరికి వెళ్ళినప్పుడు ఎలా పోయిందని అడగకండి. ఎలా ఉండేదని అడగండి. మొదట ఏడుస్తుంది. తరవాత చెప్పడం మొదలుపెడుతుంది. చెబుతూ చెబుతూ ఎక్కడో ఒకచోట నవ్వుతుంది కూడా. ఆ నవ్వు ఆమెకు ఎంత ఔషధమో మీరే చూస్తారు.

చివరిగా, మన ఆడపిల్లల ప్రయాణాల సంగతి. ఇప్పుడు మన అమ్మాయిలు ఒంటరిగా గోకర్ణం వెళుతున్నారు, హిమాలయాలు ఎక్కుతున్నారు, చదువులకని సముద్రాలు దాటుతున్నారు. వెళ్ళబోయే ముందు మనకు చెబుతారు. ఆ క్షణంలో మన నోటివెంట ముందు ఏ మాట వస్తుందో దాన్నిబట్టే, తరవాత వాళ్ళు మనకు ఎంత చెబుతారో, ఎంత దాస్తారో తేలిపోతుంది. "నీకేమైనా పిచ్చా" అంటే, వెళ్ళడం ఆపరు, చెప్పడం ఆపేస్తారు. ఆపదలో ఫోన్ చెయ్యడానికి కూడా వెనకాడతారు, ముందే చెప్పానా అంటారేమోనని. చెప్పకుండా వెళ్ళిన పిల్లకు మనం ఏ సాయమూ చెయ్యలేం.

అందుకని ముందు ఆమెను కూర్చోబెట్టి అడగండి: అక్కడ ఏం చూడాలనుంది, ఎవరిని కలవాలనుంది, ఎందుకంత ఇష్టం? మనసారా వినండి. అప్పుడు చెప్పండి మీ జాగ్రత్తలు. ఎక్కిన బండి నంబరు పంపమనండి, ఉన్నచోటు ఫోనులో కనిపించేలా పెట్టుకోమనండి, 112 నంబరు కంఠతా పట్టించండి, మనసు ఒప్పని చోట మొహమాటపడకుండా దిగిపొమ్మనండి. ఇష్టాన్ని ముందు విన్న అమ్మ చెప్పే జాగ్రత్త పిల్ల చెవికెక్కుతుంది.

ఇంట్లో మగపిల్లలుంటే వాళ్ళనూ ఆ కబుర్లలో కూర్చోబెట్టండి. చెల్లెలు ఎక్కిన బండిలో పక్క సీటులో కూర్చునేది ఎవరో ఒకరి కొడుకే. వాడు మనిషిలా కూర్చోవాలంటే వాడికి చిన్నప్పుడే ఎవరో ఒక తల్లి చెప్పి ఉండాలి. మన వంతు మనం చెబుదాం.

లోకంలో చెడ్డవాళ్ళున్నారని పిల్లలకు నేర్పడం తేలికే, భయం మనకు ఆ మాటలన్నీ అందిస్తూనే ఉంటుంది. మంచివాళ్ళు అంతకంటే ఎక్కువమంది ఉన్నారని కూడా వాళ్ళకు చెప్పాలి, చూపించాలి. పిప్పా తల్లి ఆ పని చేసింది. కూతుర్ని పోగొట్టుకున్నాక కూడా ఆ మాటకు కట్టుబడింది. మనం ఆ మాటలో సగమైనా మన పిల్లలకు ఇవ్వగలిగితే, వాళ్ళు భయం మాత్రమే మూటగట్టుకుని ఇల్లు దాటాల్సిన పని ఉండదు.